గుడ్డముక్కలతో దానానికి బొంతలు కుట్టడం: కొలత నుంచి అందజేత వరకు

దానానికి కుట్టే బొంతను గోదావరి డెల్టాలో ముందుగా ఒక్క ప్రశ్నతో తూచాలి: ఉతికితే అది ఎంతసేపట్లో ఆరుతుంది? వానాకాలం మొదలైనది లగాయతు కార్తీకం దాకా గాలిలో తేమ తగ్గని ఈ ప్రాంతంలో, దూది కూరిన బరువైన రజాయి ఒకసారి తడిస్తే రెండు మూడు రోజులు ముక్కిన వాసన వేస్తూ దండెం మీద వేలాడుతుంది. అటువంటి దాన్ని పుచ్చుకున్నవారు మరోసారి ఉతకడానికి సాహసించరు, ఉతకని బొంతలో నల్లులు చేరతాయి, ఏడాది తిరగకుండానే అది పెరట్లోకి పోతుంది. అందుచేత ఈ మార్గదర్శిలో గుడ్డ ఎంపిక, పొరల లెక్క, కుట్ల ఎడం అన్నీ ఆరుదలను బట్టి నిర్ణయించినవే.

ముందు తేల్చుకోవలసినది

కుట్టి ఆ తరువాత పుచ్చుకునేవారి కోసం వెతకడం కంటే, ముందుగా వెళ్లి అడిగి కుట్టడం మంచిది. వసతి గృహాలు, వృద్ధాశ్రమాలు, ఆసుపత్రుల్లో ప్రసవ వార్డులు, లంక గ్రామాల్లో వరద తగిలిన కుటుంబాలు, ఏజెన్సీలో రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఆశ్రమ పాఠశాలలు: వీరిలో ఒక్కొక్కరి అవసరం ఒక్కో తీరుగా ఉంటుంది. వార్డెనుతోనో, నిర్వాహకులతోనో మాట్లాడేటప్పుడు, "ఎన్ని కావాలండీ" అన్న ప్రశ్నకు ముందు, "మీ దగ్గర ఎవరు ఉతుకుతారండీ, ఎక్కడ ఆరేస్తారండీ" అని అడగండి. పిల్లలే బకెట్లో ఉతుక్కునేచోట తడిసిన బొంతను పదేళ్ల పిల్ల పిండగలగాలి. వృద్ధులకు బరువు పనికిరాదు. రాత్రి లేవవలసివస్తే కాళ్ల మీంచి ఒంటి చేత్తో తీసుకోగలిగినంత తేలికగా ఉండాలి. కొన్ని ఆసుపత్రులు బయటి నుంచి వచ్చిన పక్కబట్టలను తీసుకోవు. ఆ సంగతి గుడ్డ కత్తిరించక ముందే తెలుసుకోవాలి.

కాలం విషయంలోనూ ముందుచూపు అవసరం. గోదావరి వరద జూలై నుంచి సెప్టెంబరు వరకు ఎప్పుడైనా రావచ్చు. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ లంకలు మునిగినప్పుడు కుట్టుకొని ఇచ్చే వ్యవధి ఎవరికీ లేదు. 1996 నవంబరులో కోనసీమ మీద పడిన తుపాను అయితే ఒక్క రాత్రి వ్యవహారం. కనుక సంక్రాంతి వెళ్లిన తరువాత కుట్టు మొదలుపెట్టి, ఎండలు ఉండగా ఉతికి ఆరేసి, జూన్ నెలాఖరుకు వరద బొంతలను సిద్ధం చేసి ఉంచుకోవాలి. ఏజెన్సీకి పంపేవి కార్తీకంలోగా చేరితే చాలు, అక్కడ చలి ముదిరేది మార్గశిర పుష్యాలలో.

ముక్కలు దొరికే చోట్లు

దసరాకు, సంక్రాంతికి, శ్రావణ మాఘాల పెళ్లిళ్లకు ముందు ఏ ఊళ్లోనైనా జాకెట్లు కుట్టే దర్జీల దగ్గర సంచుల కొద్దీ ముక్కలు పోగవుతాయి. ఖాళీ సంచి ఒకటి వారి దగ్గరే ఉంచి, కాటన్ ముక్కలు మాత్రం అందులో వేయమని చెప్పి, పది రోజులకోసారి వెళ్లి తెచ్చుకోవడం ఇద్దరికీ సుఖం. రాజమహేంద్రవరం తాడితోట బట్టల మార్కెట్టులో తాను చివర మిగిలే కట్ పీసులు చవకగా దొరుకుతాయి. బండారులంక, పులుగుర్త వంటి నేత ఊళ్ల నూలు చీరలు పాతబడిన కొద్దీ మెత్తబడతాయి. బొంత అడుగు పొరకు అంతకన్న మంచి గుడ్డ లేదు. ఉప్పాడ జాందానీ మాత్రం బొంతకు తగదు. ఆ పల్చని నేతలో అడ్డంగా అల్లిన బుటా పోగులు కత్తెర పడగానే ఊడివస్తాయి.

పాత చీరల విషయంలో మనకు పోటీదారు ఒకరున్నారు: స్టీలు సామాన్లు ఇచ్చి పాతబట్టలు పట్టుకుపోయే వారు. బంధువులకు, ఇరుగుపొరుగు వారికి ముందే చెప్పి ఉంచకపోతే మంచి నూలు చీరలన్నీ గిన్నెలై కూర్చుంటాయి. భోగి ముందు ఇళ్లు దులిపే రోజుల్లో అడిగితే మంటలో పడబోయేవి కూడా దక్కుతాయి. చనిపోయినవారి బట్టలను కొందరు ఇష్టంగానే ఇస్తారు, కొందరికి పట్టింపు ఉంటుంది; పుచ్చుకునేవారికీ ఆ పట్టింపు ఉండవచ్చు. చెప్పి ఇస్తే ఇబ్బంది లేదు, చెప్పకుండా కలపడం మాత్రం తగదు.

ఉతకడం, వేరుచేయడం

తెచ్చిన ప్రతి ముక్కనూ, కొత్తదైనా సరే, ఉతకవలసిందే. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. పైగా మొదటి ఉతుకులో అది కుదించుకుంటుంది. ఉతకని కొత్త జాకెట్టు ముక్కను, ఏళ్ల తరబడి ఉతికిన చీరతో కలిపి కుడితే, మొదటి ఉతుకులోనే కొత్తది ముడుచుకొని బొంత అంతా ముడతలు తేలుతుంది. చిన్న ముక్కలు నీళ్లలో ఒకదానికొకటి చుట్టుకొని పోగులు వదులుతాయి కనుక, చిరిగిన దోమతెరతో సంచి కుట్టి, అందులో వేసి మూతి కట్టి ఉతకండి.

ఎరుపు, నలుపు, ముదురు నీలం గుడ్డలను నమ్మకూడదు. ఒక్కొక్క ముక్కను తెల్లగుడ్డ పేలికతో కలిపి వేడినీళ్లలో అరగంట నానబెడితే దాని గుణం బయటపడుతుంది. తెల్లగుడ్డకు రంగు అంటితే మళ్లీ రెండుసార్లు ఉతికి చూడాలి, అప్పటికీ దిగుతూంటే తీసివేయాలి. ఉప్పునీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందని పెద్దవారు చెబుతారు గాని, మిల్లులో అద్దిన రంగు అద్దకంలో నిలవకపోతే ఇంట్లో ఉప్పు దాన్ని నిలపలేదు.

కాటనో పాలిస్టరో తెలియనప్పుడు రెండు పోగులు లాగి, పెరట్లో పటకారుతో పట్టుకొని వెలిగించి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి, వేళ్ల మధ్య నలిగే బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా నిలుస్తుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది. ఈ వేరుచేత ఎందుకంటే, పాలిస్టరు చెమటను పీల్చదు. అంతకన్న ముఖ్యంగా, నెగడు పక్కన పడుకునే కొండ ఊళ్లలో నిప్పురవ్వ పడితే అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఏజెన్సీకి పంపేవాటిలో పాలిస్టరు, నైలాన్ ఒక్క ముక్క కూడా ఉండకూడదని నా అభిప్రాయం.

చివరగా బలం చూడాలి. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలచబడిన చోట్లు కనిపిస్తాయి. బొడ్లో దోపుకునే చోటు, ఫాల్ కుట్టిన అడుగు అంచు ముందుగా జీర్ణిస్తాయి. అనుమానం ఉన్నచోట రెండు బొటనవేళ్లు దగ్గరగా పెట్టి నిలువునా, అడ్డంగా లాగండి. ఆ లాగుడుకు చిరిగే గుడ్డ బొంతలో ఆరు నెలలు నిలవదు.

చీర లెక్క

ఆరు గజాల చీర పొడవు 216 అంగుళాలు, వెడల్పు సుమారు 45 అంగుళాలు. ఈ రెండు అంకెల చుట్టూ కొలతలు అమర్చుకుంటే గుడ్డ వృథా కాదు.

వసతి గృహం పిల్లలకు 48 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు సరిపోతుంది. చీరను 51 అంగుళాల చొప్పున నాలుగు ముక్కలుగా కత్తిరిస్తే 204 అంగుళాలు పోతాయి. రెండేసి ముక్కలను చీర అంచుల వైపున పక్కపక్కనే చేర్చి కుడితే అడుగు పొర ఒకటి, నడిమి పొర ఒకటి, రెండూ ఒక్క చీరలోనే వస్తాయి. రెండు వైపులా రెండున్నర అంగుళాల అంచు పట్టీని ముందే నిలువునా కత్తిరించి దాచుకున్నా వెడల్పు చాలుతుంది. ఆ పట్టీ బొంత చుట్టూ అంచు వేయడానికి పనికివస్తుంది. చీర నేతంతా ఒక ఎత్తు, అంచు ఒక ఎత్తు: అక్కడ పోగులు దట్టంగా ఉంటాయి కనుక బొంతలో ముందుగా అరిగే భాగానికి అదే తగిన గుడ్డ.

పెద్దవారికి 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు కావాలి. దీనికి 63 అంగుళాల ముక్కలు రెండు చేరిస్తే ఒక పొర అవుతుంది, అంచు కత్తిరించకూడదు. ఒక్కో పొరకు ఒక్కో చీర కావాలి. ఒక్కొక్క దానిలో మిగిలే 90 అంగుళాలు పైగుడ్డ పనికి వాడుకోవచ్చు. పసిబిడ్డలకు 36 అంగుళాల చదరం చాలు, దానికి నడిమి పొర అవసరం లేదు.

దూది మాటేమిటని అడుగుతారు. పత్తి గాని బూరుగు దూది గాని దగ్గర దగ్గరగా కుట్టకపోతే రెండు ఉతుకులకే ఉండలు కడుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. వెచ్చదనం పొరల మధ్య నిలిచే గాలి వల్ల వస్తుంది. మెత్తని నూలు పొరలు మూడు నాలుగు ఉంటే మన డెల్టా చలికి సరిపోతుంది. కొండ ప్రాంతాలకు మందపాటిది ఒకటి కుట్టడం కంటే పలచనివి రెండు ఇవ్వడం మేలని నేను గట్టిగా చెబుతాను. చలి ఎక్కువైతే రెండూ కలిపి కప్పుకుంటారు, దేనికది వేరుగా ఆరుతుంది, ఒకటి దండెం మీద ఉన్నా రెండవది పక్క మీద ఉంటుంది.

పైగుడ్డ కూర్పు

చదరపు ముక్కలు కత్తిరించి వరుసగా చేర్చడం అందరికీ తెలిసిన పద్ధతి. ఆరున్నర అంగుళాల చదరాలు కత్తిరించి, పావు అంగుళం కుట్టులోకి వదిలితే పూర్తయిన చదరం ఆరు అంగుళాలకు వస్తుంది. పిల్లల బొంతకు అటువంటివి 96 కావాలి. కాని దర్జీల దగ్గర దొరికే ముక్కల్లో ఆరున్నర అంగుళాల చదరం తెగేవి తక్కువ. చంక దగ్గర తెగిన నెలవంకలు, చేతుల పక్కన మిగిలిన పొడుగాటి పేలికలు, ఐమూలగా పోయిన కొసలే ఎక్కువ. వాటిని వృథా చేయని పద్ధతి అడుగుగుడ్డ మీద పేలికలు కుట్టుకుపోవడం.

పాత పంచెను గాని, మిగిలిన చీరను గాని ఈ అడుగుగుడ్డ కోసం పన్నెండున్నర అంగుళాల చదరాలుగా, నిలువు పోగు మీద సరిగా కత్తిరించుకోండి. ఒక అంగుళం నుంచి రెండున్నర అంగుళాల వెడల్పు వరకు ఉన్న పేలికలను ఎదురుగా పెట్టుకోండి. మొదటి పేలికను చదరం మీద మూల నుంచి మూలకు, రంగు వైపు పైకి ఉండేట్లు పరచండి. రెండవ పేలికను దాని మీద బోర్లించి, రెండింటి అంచులూ ఒక వైపున కలిపి, అడుగుగుడ్డతో సహా పావు అంగుళం లోపలగా మిషను మీద కుట్టండి. తరువాత రెండవ పేలికను తిప్పి, కుట్టు వెంట గోటితో నొక్కి గీస్తే ఇస్త్రీ పెట్టినట్లు పడుకుంటుంది. ఇలాగే మూడవది, నాలుగవది, అటువైపు మూల మూసుకొనే దాకా. ఆ తరువాత ఇటువైపు. పూర్తయ్యాక చదరాన్ని తిరగేసి, అడుగుగుడ్డ అంచు వెంట మిగులు గుడ్డను కత్తిరించాలి.

ఐమూలగా తెగిన గుడ్డ లాగితే సాగుతుంది. దాన్ని సాగనీయకుండా పట్టి ఉంచేది నిలువు పోగు మీద తెగిన ఆ అడుగుగుడ్డే. కనుక అడుగుగుడ్డను మాత్రం వంకరగా కత్తిరించకూడదు. పేలికల కుట్టు అంగుళానికి పది వరకు, చిన్నగా ఉంటే ముక్కల అంచులు పోగులు వదలవు.

పిల్లల బొంతకు ఇటువంటి చదరాలు అడ్డం నాలుగు, పొడవు ఆరు, మొత్తం 24 కావాలి. పెద్దవారి దానికి అడ్డం ఐదు, పొడవు ఏడు, మొత్తం 35. రంగుల విషయంలో ఎక్కువ శ్రమపడనవసరం లేదు. ప్రతి చదరానికీ నడిమి పేలికను ఒకే రంగులో, ఉదాహరణకు జాకెట్టు లైనింగు గుడ్డలో ఎక్కువగా దొరికే గంధం రంగులో వేస్తే, మిగిలినవి ఎంత విడ్డూరంగా ఉన్నా బొంతకు ఒక పొందిక వస్తుంది. లేత రంగులు ఎక్కువైతే మాత్రం వసతి గృహంలో మరకలు త్వరగా తేలతాయి.

చదరాలను ముందు అడ్డ వరుసలుగా చేర్చండి. మొదటి వరుసలో కుట్టు మడతలన్నీ ఎడమవైపుకు, రెండవ వరుసలో కుడివైపుకు ఇస్త్రీ చేస్తే, వరుసలు కలిపేటప్పుడు మూలలు ఒకదానికొకటి ఆనుకొని సరిగా కూర్చుంటాయి, ఎనిమిది మడతలు ఒకేచోట గుట్టపడి సూది విరగదు.

పొరలు పరచడం

తుడిచి ఆరిన గచ్చు మీద అడుగు పొరను రంగు వైపు కిందికి ఉండేట్లు పరచి, ముడతలు లేకుండా లాగి, మూలల్లో ఇటుకలు పెట్టండి. మరీ బిగించి లాగితే ఇటుకలు తీయగానే గుడ్డ వెనక్కి ముడుచుకుంటుంది. దాని మీద నడిమి పొర, ఆ మీద పైగుడ్డ. నడిమి పొర అతుకు, అడుగు పొర అతుకు ఒకదాని మీద ఒకటి పడకుండా జరపాలి. పైగుడ్డ కంటే కింది పొరలు అన్నివైపులా అంగుళంన్నర ఎక్కువ ఉంటాయి, ఉండనివ్వండి.

ఇప్పుడు కచ్చా కుట్టు. మధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు వైపులకు, ఆ తరువాత మూలలకు, జానెడు ఎడంతో పొడవాటి కుట్లు వేయాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ అంతా మధ్యకు తోసుకువచ్చి బుడగలా లేస్తుంది. నలుగురు కూర్చుంటే ఈ పని ఒక మధ్యాహ్నంలో అవుతుంది. ఒక్కరే చేస్తే నడుము పట్టుకుంటుంది.

బొంత కుట్టు

చేతితో కుట్టేవారు నూలు దారాన్ని రెండు పేటలుగా తీసుకొని, కొవ్వొత్తి ముక్క మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. మూర కంటే కొంచెం ఎక్కువ పొడవు చాలు. ముడిని కొద్దిగా లాగి పొరల మధ్యలోకి దింపాలి, పైన కనిపించకూడదు. అన్ని పొరలకూ సూది తగులుతున్నదని ఎడమచేతి వేలికి తెలుస్తూండాలి. వరుసకూ వరుసకూ మధ్య బెత్తెడు మించకూడదు. అంతకన్న ఎడమైతే ఉతికినప్పుడు పొరలు వేటికవి జరుగుతాయి, మరీ దగ్గరైతే బొంత బిరుసెక్కుతుంది.

కుట్టు పొడవు విషయంలో జాగ్రత్త అవసరం. పైకి కనిపించే కుట్టు పావు అంగుళం దాటితే రాత్రి కాళ్ల మట్టెలూ, పట్టీల మువ్వలూ దానికి తగులుకొని దారం తెగుతుంది. ఒక కుట్టు తెగితే వరుస అంతా ఊడుతుంది. ఇదే కారణం చేత అంచుకు నర్సాపురం లేసు వేయడం మానుకోండి. చూడముచ్చటగానే ఉంటుంది, కాని కాలి వేళ్లు అందులో ఇరుక్కుంటాయి.

మిషను మీదనైతే బొంతను రెండు వైపుల నుంచి చాపలా చుట్టి, మధ్య వరుస ముందు కుట్టి పక్కలకు రావాలి, కుట్టు అంగుళానికి ఎనిమిది ఉంటే చాలు. తొక్కుడు మిషను పెద్దవారి బొంతను మోయలేక తడబడుతుంది; మిషను పక్కన ఒక బల్ల వేసి బరువు దాని మీద ఆనిస్తే సూది వంగదు.

అంచు

మిగులు పొరలను పైగుడ్డ సమంగా కత్తిరించి, దాచిన చీర అంచు పట్టీని చేర్చుకొని, పిల్లల బొంతకు 240 అంగుళాలు, పెద్దవారి బొంతకు 288 అంగుళాలు, చివర అతుకుకు మరో పది అంగుళాలు సిద్ధం చేసుకోండి. పట్టీని నిలువునా సగానికి మడిచి, మడత లోపలి వైపుకు ఉంచి పైగుడ్డ మీద ఒక కుట్టు, వెనక్కి తిప్పి రెండవ కుట్టు. మూలలో పట్టీని ముందు పైకి, తరువాత కిందికి మడిచి కోణం తెప్పించాలి. ఎత్తుకునేటప్పుడు, ఆరేసేటప్పుడు బొంతను మూలలు పట్టుకొనే లాగుతారు కనుక అక్కడ రెండుసార్లు కుట్టండి.

పసిబిడ్డల బొంతల్లో చెమ్కీలు, అద్దాలు, గుండీలు, వదులు దారాలు ఉండకూడదు. అవి కింద పరచడానికో, ఒళ్లో ఎత్తుకున్నప్పుడు చుట్టడానికో తప్ప, నిద్రపోయే బిడ్డ ముఖం దాకా కప్పడానికి కాదని తల్లికి చెప్పి ఇవ్వాలి.

సరిచూసి అందజేయడం

కుట్టు మొదలుపెట్టే ముందు సూదులు, గుండుసూదులు లెక్కపెట్టి, ముగిశాక మళ్లీ లెక్క చూడాలి. లెక్క కుదిరినా, పాడైన స్పీకరులోని అయస్కాంతాన్ని బొంత రెండు వైపులా జరిపి చూడడం మంచిది. విరిగిన మిషను సూది కొస లెక్కలోకి రాదు. కచ్చా కుట్లు తీసి, సబ్బునీళ్లలో ఉతికి, పిండి, మామూలు దండెం మీద ఆరేయండి. పొద్దున్న ఆరేసినది ఎండ ఉన్న రోజున సాయంత్రానికి నడిమి పొరతో సహా ఆరకపోతే, తరువాతి బొంతలో ఒక పొర తగ్గించాలి.

నిలవ ఉంచేటప్పుడు కలరా ఉండలు వేయకండి. వాటిలోని నాఫ్తలీను ఆవిరి కొందరు పసిబిడ్డలలో ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసి ప్రమాదం తెస్తుంది. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి వేస్తే చాలు. వానాకాలంలో ట్రంకు పెట్టెలో బిగించి పెట్టిన బొంతకు బూజు మచ్చలు వస్తాయి. గుడ్డసంచిలో వేసి అటక మీద ఉంచి, ఎండ కాసినప్పుడల్లా ఆరేయాలి.

వరద బాధితులకు ఇచ్చేటప్పుడు సమయం చూసుకోవాలి. పునరావాస కేంద్రంలో ఉన్నన్నాళ్లు వారికి వండిన అన్నం, పొడి బట్టలు, తాగునీళ్లు ముఖ్యం. అక్కడ బొంత ఇస్తే తడిసి బరువే అవుతుంది. నీరు తీసి, ఇంట్లో ఒండ్రు ఎత్తిపోసుకొని, తడిసిన పక్కబట్టలన్నీ పారవేసుకున్న వారం పది రోజులకు అవసరం తెలుస్తుంది. ఇంటింటికీ తిరిగి ఇచ్చేటప్పుడు ఫొటోలకు నిలబెట్టకండి. సంస్థలకు ఇచ్చేవాటితో పాటు నాలుగైదు అతుకు ముక్కలు, ఒక దారం రీలు, ఒక లావు సూది చిన్న సంచిలో పెట్టి వార్డెనుకు అప్పగించండి, ఎలా ఉతకాలో తెలుగులో రెండు వాక్యాలు రాసిన గుడ్డపట్టీని అడుగు మూలలో కుట్టి ఉంచండి: "చల్లనీళ్లలో ఉతకండి. మెలిపెట్టి పిండకుండా, మడిచి నొక్కి పిండండి."